ఎనిమిదో రోజు, మూడో గంట

మొదటి రోజు

పనిచిట్టాలో పని సంగతులే రాయాలని నియమం. తిండి, వాన, మనుషులు, వీటి జోలికి పోకూడదు. పదకొండేళ్లలో నేనా నియమాన్ని పాటించింది లేదు, ఎందుకు పాటించలేదని అడిగినవాళ్లూ లేరు. ఎవరూ చదవని కాగితంలో కూడా నీతులు వల్లించడం నా వల్ల కాదు.

పళ్లు తోముకుంటుండగా పని వచ్చింది. తొంభై సెకన్లలో ఒప్పుకోకపోతే వరసలో నా వెనకున్న ఫ్రీలాన్సర్‌కి పోతుంది. నోట్లో నురగతోనే వేలిముద్ర వేశాను. పనేమిటో ఆ తర్వాత చదివాను. పెళ్లయ్యాక పెళ్లికొడుకుని చూసినట్టు, మా బతుకంతా ఇంతే.

తీగబండ్ల సంఘం వాళ్ల పని. సముద్రం వచ్చి కూర్చున్న పాత వీధుల మీదుగా ఒక మెట్ట నుంచి ఇంకో మెట్టకు జనాన్ని మోసే బండ్లు అవి. గాలి ఎక్కువైతే ప్రతి బండీ తనంతట తాను దగ్గర్లోని స్టేషనుకు చేరి, జనాన్ని దించి, ఆగిపోవాలి. ఆ నియమం రాసివ్వాలి. పన్నెండు రోజుల గడువు. వరసగా రెండు గంటలు సాక్షి ముద్ర పడకపోతే పని వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా అదే లెక్క.

మా తాతల కాలంలో ఆఫీసు అని ఒకటుండేదట. పక్క బల్ల దగ్గర ఇంకో మనిషి కూర్చునేవాడట. ఒంట్లో బాగోలేకపోతే ఆ మనిషి మన పని అందుకునేవాడట. విన్నప్పుడల్లా చందమామ కథలా ఉంటుంది. నాకు పక్కన కూర్చునేది ఎర్నమ్మ పిన్ని ఒక్కతే.

రెండో రోజు

ఎర్నమ్మ నా సాక్షి. నాలుగేళ్లుగా మేమిద్దరం జత. ఆమె వయసు అరవై రెండు. బస్సులకు ఇంకా మనుషులు కండక్టర్లుగా ఉన్న రోజుల్లో ముప్పై ఒక్కేళ్లు ఆ పని చేసింది. నాకు ఆమె చుట్టం కాదు. పిన్నీ అనడం ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

మనుషుల ప్రాణాలతో ముడిపడ్డ ప్రోగ్రాముని యంత్రం ఒంటరిగా రాయకూడదు. మనిషి రాయాలి. ఆ విద్య రాని ఇంకో మనిషి పక్కన కూర్చుని గంటకోసారి ఏం చేశావని అడగాలి. చెప్పింది అర్థమైతే తన సొంత మాటల్లో పుస్తకంలో రాసుకుని ముద్ర వేయాలి. అర్థం కాకపోతే మళ్లీ అడగాలి. ఇంతే సాక్షి పని. వినడానికి తేలికే. కానీ నాకు తెలిసిన గొప్ప గొప్ప ప్రోగ్రామర్లు సాక్షి ముందు నీళ్లు నమిలారు.

"ఏటి సేసినావమ్మా ఈ గంటలో?" అంది పిన్ని పుస్తకం తెరిచి.

"గాలి వేగం కొలిచే పరికరం తప్పు చెప్పినా మోసపోకుండా, మూడు పరికరాలు పెట్టి రెండు ఒక్కటే చెబితేనే నమ్మేలా రాశాను."

"బస్సులో ఒకడు నా పర్సు పోనాది అని అరిస్తే ఆపకూడదు. పక్కనోడు కూడా సూసినానంటే ఆపాల. అలగేనా?"

"అచ్చం అలాగే."

అదే రాసింది పుస్తకంలో, అక్షరం పొల్లుపోకుండా. ముద్ర వేసి, టిఫిన్ డబ్బా మూత తీసింది. అందులో ఏముందో రాయకూడదు కాబట్టి రాయను. ఉల్లిపాయ ఎక్కువైంది, అంతే.

ఐదో రోజు

పిన్నికి నా మీద కోపం వచ్చింది. కారణం, నేను పొద్దున్నించి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. తినకపోతే ముద్ర వేయనంది. అలా బెదిరించడం సాక్షుల నియమాలకు విరుద్ధమని గుర్తుచేశాను.

"నియమాల్లో నీ కడుపు గురించి ఏటి రాసినారు?"

"ఏమీ రాయలేదు."

"మరైతే అది నా ఇష్టం."

తిన్నాను. గెలవలేని చోట వాదించడం తెలివితక్కువ. నాకు ముప్పై ఏడేళ్లు. ఒక్కదాన్నే ఉంటాను. ఇప్పటిదాకా ఎనభై రెండు మంది కోసం పని చేశాను, వాళ్లలో ఒక్కరి ముఖం కూడా చూడలేదు. పని అయిపోయాక గురుతు పడుతుంది, ఐదుకు ఇంత అని. బాగున్నావా అని ఎవరూ అడగరు. నేనే ఎంచుకున్న స్వేచ్ఛ ఇది. నచ్చిన పని, నచ్చిన వేళ, నెత్తి మీద పెత్తనం లేదు. నిజంగానే నాకిది ఇష్టం. కానీ రోజుకు ఆరుసార్లు ఏం చేశావని ఒక మనిషి అడగకపోతే ఈ స్వేచ్ఛకి నాకు పిచ్చెక్కేదని కూడా తెలుసు.

ఎనిమిదో రోజు

జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. రెండో గంట దాకా ఎలాగో లాగాను. మూడో గంటలో బండ్లు స్టేషను దగ్గర వరస కట్టే నియమం రాశాను. తర్వాత పడుకున్నాను. మూడో గంట ముద్ర పడింది కాబట్టి నాలుగో గంట పోయినా పని చేజారలేదు. లేచేసరికి నుదుటి మీద తడిగుడ్డ ఉంది. ఐదో గంటకు మళ్లీ కూర్చున్నాను.

పన్నెండో రోజు

పని పూర్తయింది. అరవై ఏడు ముద్రలు పడ్డాయి. అన్నీ ఒక కట్టగా కట్టి సీలు వేసి పంపాను. పదిహేడో రోజు నుంచి తీగబండ్లు నేను రాసిన నియమం ప్రకారం నడుస్తాయి. గురుతు నాలుగు పాయింట్ తొమ్మిది. పిన్ని ఆ పదో వంతు ఎందుకు తగ్గించారని సాయంత్రం దాకా సణిగింది.

పదమూడో రోజు

పని అయిన మర్నాడు పిన్ని పుస్తకం మొదటి నుంచి చదువుకోవడం నాకు అలవాటు. నా ప్రోగ్రాముకంటే అదే బాగుంటుంది. నేను ముప్పై వరసల్లో చెప్పింది ఆమె బస్సు ఎక్కించి, టికెట్టు కొట్టి, దించేస్తుంది.

నవ్వుకుంటూ చదువుతున్నాను. ఎనిమిదో రోజు మూడో గంట దగ్గర ఆగిపోయాను.

"గాలి పరిమిత వేగము దాటినపుడు బండి సమీప స్టేషనునందు స్థిరపడును. స్టేషను ఖాళీ లేనిచో ఖాళీ అగువరకు వేచియుండును."

ఇవి ఆమె మాటలు కావు. ఎర్నమ్మ పిన్ని జన్మలో 'వేచియుండును' అని రాయదు. అది సంఘం వాళ్ల పత్రంలోని వాక్యం. జ్వరంలో కళ్లు తెరవలేక నేను ఆ కాగితం చూసి గొణిగి ఉంటాను. ఆమె విన్నది విన్నట్టు రాసుకుని ముద్ర వేసింది. అర్థమై కాదు. అడిగితే నేను లేచి కూర్చోవాలి కాబట్టి అడగలేదు.

ఆ గంటలో రాసిన ప్రోగ్రాము తెరిచాను. స్టేషనులో ఇంకో బండి ఉంటే, అది వెళ్లేదాకా వెనక బండి తీగ మీదే ఆగాలని రాశాను. మామూలు రోజుల్లో అది సరే. కానీ తుఫానులో ముందు బండి వెళ్లదు, అది ఆగిపోవడానికే వచ్చింది. అంటే వెనక బండి గాలి తగ్గేదాకా సముద్రం మీద వేలాడుతూనే ఉంటుంది. బండికి ఎనిమిదిమంది.

ఆ రోజు పిన్ని ఒక్క మాట అడిగి ఉంటే అక్కడే దొరికిపోయేది. అది కండక్టరుకి తట్టని సంగతి కాదు.

పద్నాలుగో రోజు

ఎవరికీ చెప్పలేదు. పిన్ని వచ్చి చిక్కుళ్లు ఒలిచి, కబుర్లు చెప్పి వెళ్లింది. నేను ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. సీలు వేసిన పనిని విప్పాలంటే సాక్షుల కచేరీలో కారణం చెప్పాలి. అర్థం కాకుండా ముద్ర వేసిన సాక్షి దగ్గర ముద్ర వెనక్కి తీసుకుంటారు, మళ్లీ ఇవ్వరు. జత విడిపోతుంది. ఆమె ఆ పని పోతే కుమిలిపోతుంది. నేనేమైపోతానో రాయడానికి సిగ్గుగా ఉంది.

తుఫానులు ఏటా రావు కదా అనుకున్నాను. వచ్చినా రెండు బండ్లు ఒకే స్టేషనుకి రావాలి కదా. సంఘం వాళ్లకే అనుమానం రాలేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని కూడా అనుకున్నాను. రెండు నెలలాగి ఇంకేదో పని పేరుతో చడీచప్పుడు లేకుండా సరిచేసేయొచ్చు. ఫ్రీలాన్సర్లలో చాలామంది చేసేదే.

మధ్యాహ్నం రేడియోలో చెప్పారు. సముద్రంలో వాయుగుండం. పద్దెనిమిదో రోజుకి తీరం తాకుతుందట.

పదిహేనో రోజు

పిన్ని వచ్చి చెప్పులు విడవకముందే చెప్పేశాను. పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాను. ప్రోగ్రాములో ఏం జరుగుతుందో చెప్పాను.

ఆమె ఆ పేజీ మీద వేలు పెట్టి మళ్లీ చదివింది.

"ముందు బండి కదల్దు," అంది నెమ్మదిగా. "కదల్దని నాకు ఎరికే. ముప్పై ఒక్కేళ్లు బస్టాండులో అదే సూసినాను. ముందు బస్సు ఆగిపోతే ఎనకాల బస్సు లోపలికి రాదు."

"నువ్వు నా కోసమే కదా పిన్నీ..."

"బండికి ఎంతమంది?"

"ఎనిమిదిమంది."

"ఎనిమిదిమంది గాల్లో ఏలాడతారా, నాను నీ జొరం సూసి ముద్దర ఏసినందుకు?" పుస్తకం మూసేసింది. "నువ్వు అలగ పడుకుని ఉంటే నాకు మనసొప్పనేదే. లేపితే సచ్చిపోతావేమో అనిపించినాది. ఒక్క గంటే గదా అనుకున్నాను."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. నా మీద ఎవరికైనా అంత ప్రేమ ఉందని తెలియడం బాగుంది. అది తెలిసిన తీరు మాత్రం బాగోలేదు.

"పొరపాటు నాదని రాస్తాను. జ్వరంలో తప్పు చెప్పానని," అన్నాను.

"నోర్ముయ్యి గుంటా," అంది కళ్లు తుడుచుకుంటూ. "టికెట్టు కొట్టకుండా ఒక్కడిని ఎక్కించినా సెకింగ్ వొస్తే నానే సెప్పేదాన్ని. పద కచేరీకి. బేగి పద."

పదహారో రోజు

నిన్న మేం వెళ్లేసరికి కచేరీ మూసేశారు, ఈ పొద్దున్నే మళ్లీ వెళ్లాం. కచేరీ అధికారి రెహమతుల్లా గారు నెమ్మదైన మనిషి. అంతా విన్నారు. పొరపాటు నాదే అని నేను మూడుసార్లు చెప్పాను.

"పొరపాటు మీదే అమ్మా, ఎవరు కాదన్నారు? ప్రోగ్రామర్లు పొరపాటు చేస్తారనే కదా పక్కన సాక్షిని పెట్టింది. దానికి శిక్ష లేదు. అర్థం కాని దానికి ముద్ర వేయడమే తప్పు."

పిన్ని తలూపింది. ఆయన చెప్పింది ఆమెకు బాగా అర్థమైంది.

"సరిచేసిన నియమానికి మళ్లీ ఒక గంట సాక్ష్యం కావాలి," అన్నారాయన. "కొత్త సాక్షి కుదిరేసరికి నాలుగు రోజులు. తుఫాను ఎల్లుండే. ఈ ఒక్క గంటకీ ఈవిడ ముద్రే చెల్లుతుంది. నేను ఎదురుగా కూర్చుంటాను. అయ్యాక ముద్ర ఇక్కడ పెట్టి వెళ్లాలి."

కాబట్టి ఆ గంట మాకు ఆఖరి గంట. నాలుగేళ్లలో ఏ గంటకీ నేనంత భయపడలేదు. రాసి ముగించాను. పిన్ని పుస్తకం తెరిచింది.

"ఏటి సేసినావమ్మా ఈ గంటలో?"

"స్టేషనులో ముందే బండి ఉంటే, జనం దిగాక ప్రోగ్రాము దాన్ని పక్క పట్టా మీదకి నెట్టేస్తుంది. అప్పుడు వెనక బండికి చోటు దొరుకుతుంది. పక్క పట్టా కూడా నిండితే వెనక బండిని స్టేషను బయటున్న రెండో తీగ మీదుగా దాటించి తర్వాతి స్టేషనుకి పంపిస్తుంది. గాలి తగ్గేదాకా తీగ మీద మాత్రం వదిలేయదు."

"జనం దిగాక అన్నావు. దిగినారని దానికెలగ తెలుస్తాది?"

"తలుపు తెరిచాక నలభై సెకన్లు ఆగుతుంది. దిగడానికి అది చాలు."

"నాకు అర్థం కానేదు," అంది పిన్ని.

నా గుండె ఝల్లుమంది. సిగ్గు విడిచి రాస్తున్నాను, సంతోషంతో. అర్థం కాకపోతే గంట ఇంకాస్త సాగుతుంది. మళ్లీ చెప్పాను, ఇంకా నిదానంగా.

"అది కాదు. నలబై సెకన్లు ఎవురికి సాలతాయి? నీకు సాలతాయి. సేపల గంప నెత్తి మీదున్న ముసల్దానికి ఎలగ సాలతాయి? ముందు గంప దించాల, ఎవుడో ఒకడు అందుకోవాల, అప్పుడు కాలు కింద పెడతాది. మజ్జిలో బండి కదిలితే దాని గతేటి? నాను కండట్రుని. ఆఖరి మనిషి కాలు నేలకి ఆనితేగానీ విజిల్ ఏసేదాన్ని కాదు."

రెహమతుల్లా గారు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టారు.

నేను నలభై సెకన్లు తీసేశాను. బండి అడుగున బరువు కొలిచే పరికరం ఉంది. లోపల బరువు సున్నా అయితేనే తలుపు మూసి కదలాలని రాశాను. పావుగంట పట్టింది. చెప్పాను.

పిన్ని కళ్లు మూసుకుని, మనసులో బండి ఎక్కి దిగింది కాబోలు. ఇంకో ప్రశ్న అడగాలని దేవుణ్ణి కోరుకున్నాను. ఆమె నా వంక చూసింది. నేనేం కోరుకుంటున్నానో ఆమెకు తెలుసు. ఆమెదీ అదే కోరికని నాకూ తెలుసు. ఏదో ఒకటి అడిగి ఈ గంటని సాయంత్రం దాకా లాగొచ్చు. ఎవరూ కాదనరు.

"అర్థమైనాది," అంది.

రాసింది. "ఆఖరి మనిషి దిగితేనే బండి కదల్తాది. నిండిన స్టాండు దగ్గర ఆగదు, తరవాతి స్టాండుకి ఎల్తాది. ఎవుర్నీ మజ్జిలో వొగ్గీసి ఎల్లదు." ముద్ర వేసింది. ముద్రని చీరచెంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. రెహమతుల్లా గారు దాన్ని తీసుకోవడానికి కాసేపు చెయ్యి చాపలేదు.

పద్దెనిమిదో రోజు

తుఫాను పొద్దున్న తొమ్మిదికే వచ్చింది. మా కిటికీలోంచి నడిమెట్ట స్టేషను కనిపిస్తుంది. గాలి హోరు మొదలవగానే తూర్పు నుంచి ఒక బండి వచ్చి స్టేషనులో ఆగింది. దాని వెనకే ఇంకోటి, తీగ మీద ఊగుతూ. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయాను.

మొదటి బండి కదల్లేదు. తలుపు దగ్గర ఎవరో కుంటుకుంటూ దిగుతున్నారు. వెనకున్నవాళ్లు చెయ్యి అందిస్తున్నారు. నలభై సెకన్లు దాటాయి. నిమిషం దాటింది. ఆ మనిషి దిగాక బండి పక్క పట్టా మీదకి జరిగింది. వెనక బండి లోపలికి వచ్చింది. అందులోంచి ఆరుగురు దిగారు. లెక్కపెట్టాను. తర్వాత కింద కూర్చుని ఏడ్చాను.

పిన్నికి ఫోన్ చేస్తే ఎత్తగానే అడిగింది. "అందరూ దిగినారా?"

ఇరవై ఒకటో రోజు

గురుతు మూడు పాయింట్ ఆరుకి పడింది. సీలు విప్పినవాళ్లకి అంతే. కొన్నాళ్లు పనులు పలచగా వస్తాయి.

కచేరీ నుంచి కాగితం వచ్చింది. కొత్త సాక్షి కోసం పెట్టుకునే దరఖాస్తు. అందులో ఒక గడి, 'పాత సాక్షితో జత విడిపోవడానికి కారణం'. ఒక్క వాక్యంలో రాయాలి. నిర్లక్ష్యం అని రాయమని కింద సూచన ఉంది. నేను కలం పట్టుకుని గంట కూర్చున్నాను.

మధ్యాహ్నం పిన్ని వచ్చింది, గిన్నెలో చోడి అంబలితో, అంటే రాగి జావతో. మెట్లెక్కిన ఆయాసం తగ్గాక కాగితం ఏమిటని అడిగింది.

"నువ్వెందుకొచ్చావు ఇంత ఎండలో?" అన్నాను మాట మార్చడానికి.

"నువ్వు తిన్నావో నేదో సూడ్డానికి. దానికి ముద్దర అక్కర్నేదు గదా? రేపూ వొస్తాను."

అంబలి తాగాను. ఆమె ఎదురుగానే కాగితం పూర్తిచేసి చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది.

'నాకు జ్వరం వచ్చిన రోజు ఆమె నన్ను నిద్రపోనిచ్చింది.'

కాగితం తిరిగి నా ముందుకు తోసింది.

"ఉట్టి జొరం అని రాసినావేటి? కచేరీ కాగితం, లెక్క సరిగ్గా ఉండాల. నాను సూసినాను ఆ రోజు. నూట మూడు."

జ్వరం పక్కన నూట మూడు అని చేర్చాను.